జావా విక్రయ ప్రకటనకు టీకా తాత్పర్యము

మూలము: “అమ్మబడును. 1968 జావా. ఫుల్ ఒరిజినల్. పేపర్స్ క్లియర్. వెలకట్టలేని వింటేజ్ పీస్. విలువ తెలిసినవారే ఫోన్ చేయగలరు.”

అవతారిక: మా వీధిలోని యొక పెద్దావిడ, భర్త గతించిన పిమ్మట, వసారాలో గోనెపట్టా క్రింద పడియున్న ఆయనగారి జావాను అమ్మదలచి, “ఎంత వస్తుంది నాయనా?” అని నన్నడిగినది. అంత చిన్న ప్రశ్నకు సమాధానము వెదకబోయిన నాకు దొరకినవన్నియు ఇట్టి ప్రకటనలే. కోలాచలము మల్లినాథసూరి, మూలములేని దానిని వ్రాయననియు, అనపేక్షితమును పలుకననియు ప్రతినబూని కావ్యములకు వ్యాఖ్యలు రచించెను. ప్రకటనకర్తలు ఆ ప్రతినను తలక్రిందులుగా పాటించువారగుటచే, కాళిదాసుకంటె వీరికే వ్యాఖ్యాత యెక్కువ యవసరము.

టీక: అమ్మబడును, 1968, జావా – స్పష్టము. మైసూరులో ఐడియల్ జావా కర్మాగారము 1961లో పని మొదలిడుటయు, 1973 ప్రాంతమున ఆ బండ్లకు యెజ్డీ యను పేరు వచ్చుటయు, 1996లో కర్మాగారము మూతపడుటయు, తన్ని స్టార్టు చేయుటకును గేరు మార్చుటకును ఒకే కడ్డీ యుండుటయు ఎల్లరెరిగినదే. యెజ్డీ ట్యాంకుమీద జావా బిళ్ల బిగించి యమ్మువారు గలరనుటయు ఎరిగినదే గాని, అది యెరిగినవారు కొనువారే. అమ్మవచ్చిన పెద్దావిడలు కారు.

ఫుల్ ఒరిజినల్ – ఇచ్చట కొంత నిలువవలయును. యవనరాజగు మిళిందుడు రథమెక్కి వచ్చితిననగా, నాగసేన భిక్షువు, “ఇరుసు రథమా? చక్రములు రథమా? నొగ రథమా?” అని యడిగి, ఏదియు కాదనిపించి, అన్నియు గూడిన కుప్పయు కాదనిపించి, రథమనునది వ్యవహారనామ మాత్రమని తేల్చెను. ఈ మతమున జావా యనునది లేనేలేదు; లేని దానికి వెల యేల? వైశేషికులు దీనికి సమ్మతింపరు. అవయవములకంటె వేరుగా, వానియందు సమవాయముచే నిలిచియుండు అవయవి యొకటి కలదనియు, ఒక్క అవయవము తొలగినను పూర్వపు అవయవి నశించి నూతనమగు అవయవి పుట్టుననియు వారి సిద్ధాంతము. అట్లయినచో హెడ్‌లైటు బల్బు మార్చిన ప్రతిసారియు జావా చచ్చి పుట్టుచున్నది. ఆయనగారు వాడిన కాలమెల్ల లెక్కించినచో వసారాలోనున్నది యెన్నవ జన్మమో! బౌద్ధుని బేరమున బండి లేదు, వైశేషికుని బేరమున బండి పాతది కాదు. ఇద్దరిలో ఎవరికమ్మినను నష్టమే.

ఈ వివాదమును తీర్చినది మోటారు వాహన శాస్త్రము. 2021లో కేంద్రము చేసిన నిబంధనల ననుసరించి, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 సంవత్సరములు దాటి, చాసిస్, బాడీ, ఇంజనులలో చెప్పుకోదగిన మార్పు లేని బండియే వింటేజ్, దానికి ‘వి.ఏ.’ అను అక్షరములతో వేరు నంబరు, క్రొత్తగా రిజిస్టరు చేయుటకు రుసుము 20,000 రూపాయలు, చెల్లుబాటు 10 సంవత్సరములు, నిత్యవ్యవహారమునకు రోడ్డెక్కరాదు. అవయవి యొక్క ప్రాణము బల్బులో గాక చాసిస్‌లో నున్నదని ఇంత క్లుప్తముగా నిర్ణయించిన దర్శనము మరియొకటి లేదు.

ప్రకృతము మరచితిని. పెద్దావిడ బండికి సైలెన్సర్లు రెండును డూప్లికేట్లనియు, కార్బొరేటరు వేరొక బండిదనియు మెకానిక్ చెప్పెను. కొనువాడు పోయిన భాగముల వెలను పైసాతో సహా తగ్గించును. ఉన్న భాగములకు మాత్రము ప్రశంసతో సరిపెట్టును. అమ్మకమునకు ముందు రంగు వేయించుడని ఆమెకు బంధువొకడు సలహా చెప్పెను. వేయించినచో, “అయ్యో, పాత రంగు ఉంచవలసింది” అని కొనువాడు నొచ్చుకొని, ఆ నొప్పికి గూడ వెల తగ్గించును.

పేపర్స్ క్లియర్ – ఆర్.సి. యున్నదని భావము, ఎవరి పేర నున్నదని యడుగరాదు. పెద్దావిడ యొద్ద అది భర్త పేరనే యున్నది. మరణ ధ్రువపత్రము జతచేసి 31వ ఫారముతో ఆమె పేరికి మార్పించుకొనక, చాసిస్ నంబరుపై కాగితముంచి పెన్సిలుతో రుద్ది తీసిన ముద్ర ఆర్.సి.తో సరిపోలినదని చూచుకొనక బేరమునకు కూర్చున్నచో, కొనవచ్చినవాడు ఆ రెండు లోపములను మొదట మెచ్చుకోలు ముగించి, పిదప నెమ్మదిగా బయటపెట్టును.

వెలకట్టలేని – ఈ పదమునకు రెండర్థములు గలవని నిఘంటువులు చెప్పవు గాని, పాతబండ్ల వర్తకుడొకడు చెప్పెను. తన దుకాణములోని జావాను చూపుచు, “దీనికి వెల కట్టలేమండి, చరిత్ర సార్ ఇది” అనిన ఆ నోటితోనే, పెద్దావిడ వసారాలో గోనెపట్టా తొలగించి, “ఇనుము రేటుకన్నా ఓ రెండువేలు ఎక్కువేసి తీసుకుంటాను పెద్దమ్మా, మీ మొహం చూసి” అనెను. రెండును ఒకే కర్మాగారపు బండ్లు! నాకు కోపము వచ్చినది; ఇంకను తగ్గలేదు. బీమా కాగితము చూచినను దిక్కులేదు. ఐదేండ్లు దాటిన బండి విలువను బీమావారును యజమానియు మాటలాడుకొని నిర్ణయించుకొనవలసినదే గాని పట్టిక లేదు. ప్రకటనలలోని ధరలను పోల్చి చూతమన్నచో, అవి అడిగినవే గాని యిచ్చినవి కావు. పైగా న్యాయమైన ధరకు పెట్టిన బండి వెంటనే అమ్ముడై ప్రకటన మాయమగును. ఎవరును ఇయ్యని ధర మాత్రమే నెలల తరబడి కన్నులయెదుట నిలిచి, ఇదియే మార్కెట్టని భ్రమ గొల్పును. కావలసినది చేతులు మారిన సొమ్ము; దానిని తెలిసినవారందరు కొనువారు.

విలువ తెలిసినవారే – తెలిసికొనగోరువారికి ప్రవేశము లేదని భావము.

తాత్పర్యము: ప్రకటనకర్త నోటనే వినదలచి ఫోన్ చేసితిని. “అదా? అమ్ముడైపోయిందండి” అనెను. ఎంతకని యడిగితిని. “అది చెప్పడం బాగుండదండి. ఇంతకీ మీ దగ్గరేమన్నా అమ్మే బండి ఉందా?”