చలికో చక్రం, ఎండకో చక్రం

మా రోజుల్లో బండికి చక్రాలు ఒకసారి వేస్తే వేసినట్టే. రోహిణి ఎండల్లో అవే, నాట్ల బురదలో అవే, సంక్రాంతి చలిలో అవే. ఇప్పుడు చూడండి, కెనడాలోని మాంట్రియల్లో, కాంకోర్డియా యూనివర్సిటీలో చదువుతున్న మా మనవడు పాత కరోలా ఒకటి కొనుక్కున్నాడు. కొన్న పండగైనా తీరలేదు, "తాతా, దీనికి చలి టైర్లు వేరే కొనాల" అని ఫోను. ఉన్నవాటికేటైందిరా, పగిలిపోయాయా అంటే, బాగానే ఉన్నాయంటాడు. మరెందుకు? చలికాలం వస్తోందట!

మాకు మాత్రం రాలేదేటి చలికాలం? ధనుర్మాసంలో తెల్లారగట్ల నరసన్నపేట దగ్గర హైవే మీద ఎదురుగా వచ్చే లారీ కనపడేది కాదు. దానికోసం ఏ డ్రైవరూ టైర్లు మార్చలేదు. లైట్లేసుకుని, హారను కొట్టుకుంటూ, మడపాం దగ్గర వంశధార వంతెన ఎక్కి పోయేవాడు. "అది పొగమంచు తాతా, ఇక్కడ మోకాలి లోతు పడతాది" అన్నాడు గుంటడు. సరే, మోకాలి లోతు మంచు నేను చూళ్లేదు. ఐసు ఫ్యాక్టరీలో ఊకపొట్టు కప్పిన దిమ్మలే నాకు తెలిసిన మంచు. అయినా పెద్దవాణ్ణి కదా, చెప్పకుండా ఎలా ఉంటాను?

వాడుండే క్విబెక్ రాష్ట్రంలో చలి టైర్లు వెయ్యడం చట్టమట. 2008 నుంచీ ఉంది. ఇప్పుడైతే డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా అక్కడి కార్లకు చలి టైర్లు ఉండి తీరాలి, లేకపోతే జరిమానా. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, కొండ నడుమ మంచురేకు ముద్ర ఉండాలి. బురదకీ మంచుకీ అని వేసే ఎం ప్లస్ ఎస్ అక్షరాలొక్కటే ఉంటే చెల్లదట. మా బండి చక్రానికి ముద్రలెక్కడివి? కమ్మరి చెయ్యే ముద్ర.

ఆ చక్రం కట్టడం చూడాలి బాబూ. వడ్రంగి ఆకులు బిగించి చక్రం నిలబెట్టేవాడు. ఇనప పట్టాని కావాలనే చక్రం కంటే రవ్వంత చిన్నగా వంచేవారు. పిడకల మంటలో అది ఎర్రగా కాగి సాగేదాకా ఉంచి, నలుగురు నాలుగు పక్కలా పట్టకార్లతో ఎత్తి చక్రానికి తొడిగేవారు. కర్ర కాలి పొగ కమ్మేది. వెంటనే బిందెలకొద్దీ నీళ్లు. ఇనుము చల్లారి ముడుచుకుంటుంటే ఆకులు కిర్రుకిర్రుమంటూ కూచునేవి. ఆపైన ఇరుసుకి ఆముదం కందెన పెడితే మా పని అయిపోయినట్టే. ఆ రోజు బడికి ఎగనామం పెట్టని కుర్రాడు ఊళ్లో ఉండేవాడు కాడు.

చలికి ఇనుము బిగిసేది, మాకు మేలు జరిగేది. ఇప్పటి రబ్బరుకి చలి పడదు. సుమారు 7 డిగ్రీల కంటే దిగిందంటే మామూలు టైరు రబ్బరు గట్టిపడి, రోడ్డుని పట్టుకోవడం మానేస్తుందట. చలి టైరు రబ్బరు వేరు. గడ్డకట్టే చలిలోనూ మెత్తగానే ఉంటుంది. దాని మీద బ్లేడుతో కోసినట్టు సన్నని చీలికలు వందలకొద్దీ ఉంటాయి, అవే మంచుని కరిచి పట్టేవి. అంత సుకుమారం కాబట్టి ఎండాకాలం తిప్పితే ఇట్టే అరిగిపోతుంది. అందుకని ఏడాదికి రెండుసార్లు విప్పడం, బిగించడం. ఇదంతా ఈ కాలపు వేషాలే అని తిట్టబోయాను. ఫిన్లాండులో నోకియా అనే ఊళ్లో ఉన్న రబ్బరు కార్ఖానా వాళ్లు 1934లోనే లారీలకి మంచు టైరు చేశారట. అంటే ఈ వేషం నాకంటే పెద్దది. తిట్టు మింగేశాను.

ఇక్కడో ముచ్చట. లోతు మంచులో వెడల్పు టైరు పనికిరాదు, సన్నదే మంచిదని వాడే చెప్పాడు. వెడల్పుది మంచు పైకెక్కి తేలుతుంది, సన్నది కోసుకుంటూ దిగి అడుగున గట్టి రోడ్డుని అందుకుంటుంది. అందుకే వాడి కారుకి 205 మిల్లీమీటర్ల వెడల్పు, 16 అంగుళాల చక్రాలు తీసి, 195 మిల్లీమీటర్ల వెడల్పు, 15 అంగుళాలవి వేసుకోమన్నారట. ఓరి వెర్రినాగన్నా, మా బుగతగారి అంబాసిడర్ టైరు వెడల్పు ఆరంగుళాల లోపే! నాటుబండి పట్టా ఇంకా సన్నం. అరవై ఏళ్లు వెనక్కొచ్చి మా చక్రం దగ్గర ఆగారు మీ ఇంజనీర్లు!

అయితే ఒకటి. ఆ సన్న చక్రమే వేసవిలో వంశధార ఇసుకలో ఇరుసుదాకా దిగబడేది. తాటాకులు పరిచి, ఎడ్లతోపాటు మేమూ భుజం పెట్టాల్సి వచ్చేది. ఇసుకకి అడుగున గట్టి నేల అందదు మరి. అడుగు దొరకని మంచులోనూ అంతేనట. ఐస్‌లాండులో హిమానీనదాల మీద తిరిగే జీపులకి ఇంతింత లావు టైర్లేసి, గాలి తగ్గించి నడుపుతారు. మనవాడిది ఊళ్లో తిరిగే చిన్న కారు. కింద రోడ్డుంది కాబట్టి సన్నదే సరి. కారు పొట్ట మంచుకి ఆనుకుందా, ఇక ఏ టైరూ లాగలేదు. పారతో తవ్వుకోవాల్సిందే.

బాబూ, నా మాట విను. నాకు లైసెన్సు లేకపోయినా విను. డబ్బు మిగులుద్దని ముందు రెంటికే వేయించకు, మలుపులో వెనక భాగం జారి కారు గిర్రున తిరుగుద్ది. నాలుగూ ఒకే రకం వెయ్యి. చలి ముదిరితే టైర్లో గాలి తగ్గుద్ది, నెలనెలా చూసుకో. సోకు అల్లాయ్ చక్రాలొద్దు, ఇనప రిమ్ములు నాలుగు కొని ఈ టైర్లు వాటికే ఉంచెయ్, ఏటేటా ఊడదీయించే ఖర్చు తప్పుద్ది. ఇక మార్చి 16న తెల్లారగానే విప్పేస్తానని తయారవకు. చట్టం గడువు తీరినా, మీ ఊళ్లో ఏప్రిల్లో కూడా మంచు పడుద్ది.