డోరు ముందు, డెక్ చివర

కారులో పాట బాగా వినిపించాలంటే ముందు స్టీరియో డెక్ మార్చకండి. ఢిల్లీ కరోల్‌బాగ్‌లో ఈ మాట అంటే కారు స్టీరియో దుకాణంవాళ్లు వింతగా చూస్తారు. కార్ల పిచ్చి ఉన్న బావమరిది ఎవరైనా ఉంటే ‘నీకేం తెలీదు బావా’ అని కొట్టిపారేస్తాడు. అయినా ఇదే చెబుతాను. చేతిలో 15 వేలే ఉంటే, దుకాణం చెప్పే వరసను తలకిందులు చేసి ఖర్చుపెట్టండి. వాళ్లు అన్నిటికంటే ముందు చూపించే పెద్ద స్క్రీను ఆఖర్న. ‘ఉస్‌కీ జరూరత్ నహీఁ సర్’ (అది అక్కర్లేదు సార్) అని తోసిపుచ్చే డోరు పని మొదట.

నోయిడాలో ఉండి గురుగ్రామ్‌లో ఉద్యోగం చేసేవాళ్లకు రోజులో రెండు మూడు గంటలు కారులోనే పోతాయి. రేడియో తిప్పితే హిందీ, కాస్త పంజాబీ. జోలెపాళ్యం మంగమ్మ ఈ ఢిల్లీ ఆకాశవాణి నుంచే తెలుగు వార్తలు చదివేవారు. అదే ఊళ్లో ఇవాళ కారులో తెలుగు మాట చెవిన పడాలంటే ఫోను కలపాల్సిందే. అంచేత నాకు కావలసింది గొంతు, ఆ తర్వాతే బేస్. ఘంటసాల పద్యం ఎత్తుకుంటే ప్రతి అక్షరం విడిగా, డాష్‌బోర్డు నడుమ నుంచి వచ్చినట్టు వినపడాలి. మీరూ దుకాణానికి వెళ్లేటప్పుడు కంఠతా వచ్చిన పద్యమో పాటో ఫోనులో పెట్టుకుని వెళ్లండి. అక్కడ వాళ్లు వేసే పాట వాళ్ల స్పీకరుకు నప్పేది, మీ చెవికి పరీక్ష కాదు.

వెనక స్పీకర్లకు ఒక్క రూపాయి కూడా పెట్టకండి. నేను పెట్టి చూశాను. మొదటి కారుకు ఆరు వేలు పోసి 6×9 అంగుళాల ఓవల్స్ వేయించాను. డిక్కీ మీది ప్లాస్టిక్ పలకను కోసి వాటిని బిగించారు. ఇంటికి వస్తూ వింటే పాడేవాడు నా మెడ వెనక కూర్చుని పాడుతున్నట్టుంది. గతుకు వచ్చినప్పుడల్లా పలక గడగడలాడింది. కంపెనీ వైర్లు కోసి, మెలిపెట్టి, నల్ల టేపు చుట్టారు. మే నెల ఎండకు ఆ టేపు జిగురు కరిగి జారింది, వైరు బాడీకి తగిలి ఒకవైపు మూగబోయింది. పాట మనకు ఎదురుగా ఉండాలి. ఉన్న వెనక స్పీకర్లను అలాగే వదిలేసి స్టీరియోలోని ఫేడరును ముందుకు జరపండి, చాలు.

డబ్బు తీసేముందు ఇంకో రెండు మూడు పనులు చేయండి. బేస్ బూస్ట్, లౌడ్‌నెస్ రెండూ ఆపేయండి. మొదటి రెండు రోజులు చప్పగా ఉంటుంది, మూడో రోజుకు మాట తేటగా వినపడటం మొదలవుతుంది. ఫోనును బ్లూటూత్‌కు బదులు యూఎస్‌బీ తీగతో కలపండి, పాటల యాప్‌లో నాణ్యతను పై మెట్టుకు మార్చండి.

ఇక డోరు. నాకు ఈ వ్యవహారంలో అన్నిటికంటే ఇష్టమైన పని ఇది. లోపలి అట్ట ఊడదీయించి డోరు రేకును వేలి కణుపుతో తట్టి చూడండి. ఖాళీ నూనె డబ్బాలా మోగుతుంది. మీ కొత్త స్పీకరు కూర్చోబోయేది ఆ డబ్బాలోనే. స్పీకరు ముందుకు ఎంత గాలిని తోస్తుందో వెనక్కీ అంతే తోస్తుంది. రేకులోని పెద్ద పెద్ద కంతల గుండా ఆ వెనక శబ్దం ముందుకు వచ్చి, ముందు శబ్దంలోని బేస్‌ను తినేస్తుంది. మిగిలినది రేకును అదరగొడుతుంది. పది వేల స్పీకరు వేసినా ఈ నష్టం తప్పదు.

దీనికి మందు బ్యూటైల్ డ్యాంపింగ్ షీటు, పైన అల్యూమినియం రేకు ఉండేది. తారు షీటు చవగ్గా వస్తుంది, దాని జోలికి పోకండి. 2024 మే 29న ఢిల్లీ సఫ్దర్‌జంగ్‌లో 46.8 డిగ్రీలు నమోదైంది. అలాంటి ఎండలో నిలిపిన కారు డోరులో తారు మెత్తబడి జారుతుంది, వాసన కొడుతుంది. షీటును చేత్తో అతికిస్తే చాలదు, చిన్న రోలరుతో గట్టిగా నొక్కాలి. ఆ పని పక్కన నిలబడి చేయించుకోండి. అయ్యాక మళ్లీ తట్టండి: ఈసారి చెక్క తలుపు మీద తట్టినట్టు ‘టక్’మని ఆగిపోవాలి.

అక్కడే ఒక జాగ్రత్త. కిటికీ అద్దం పక్క నుంచి వాన నీరు డోరు లోపలికి దిగడం మామూలే. ఆ నీరు పోవడానికి డోరు అడుగున కన్నాలుంటాయి, సీట్ల వైపు రాకుండా ఒక పల్చని కవరు అతికించి ఉంటుంది. కన్నాలను షీటుతో మూసేసినా, కవరు చించి పారేసినా జూలైలో మీ కాళ్ల కింద కార్పెట్ తడుస్తుంది. కవరును జాగ్రత్తగా విప్పి మళ్లీ అతికించమని ముందే చెప్పండి. ముందు రెండు డోర్లకు నాకు మూడున్నర వేలయింది. పాత స్పీకర్లతోనే కారు మారిపోయినట్టు అనిపించింది.

తర్వాత స్పీకర్లు, ముందు జత మాత్రమే. పెట్టె మీద రాసిన పెద్ద వాట్ల అంకె చూడకండి. స్టీరియో మీద ‘50×4’ అని ఉంటుంది. ఇంజను నడుస్తుండగా కారులో ఉండే వోల్టేజీ సుమారు 14.4 వోల్టులు. దాంతో 4 ఓముల స్పీకరుకు శుభ్రంగా ఇవ్వగలిగేది లెక్క ప్రకారమే 26 వాట్లు దాటదు, నిజానికి 18, 20 వాట్లు. అందుకే సెన్సిటివిటీ అంకె వెతకండి. 92 డెసిబెల్స్ స్పీకరు 20 వాట్లతో చేసే చప్పుడుకు 89 డెసిబెల్స్ దానికి 40 వాట్లు కావాలి. మూడు డెసిబెల్స్ తేడా అంటే శక్తి రెట్టింపు. ‘300 వాట్స్’ అని మెరిసే స్పీకరు మీ కంపెనీ స్టీరియోకు ఆకలి తీరని బిడ్డ. ట్వీటరు విడిగా వచ్చే కాంపొనెంట్ జత అయితే ట్వీటర్లను అద్దం మూల దగ్గర పెట్టించండి, గొంతు పాదాల దగ్గర నుంచి పైకి లేస్తుంది.

కొనడానికి వెళ్లేది సోమవారం కాకుండా చూసుకోండి, కరోల్‌బాగ్ మూత. జీఎస్టీ బిల్లు లేకుండా ఏ బ్రాండూ తీసుకోకండి, నకిలీ పెట్టెలు అసలు పెట్టెల కంటే అందంగా ఉంటాయి. బిగించేటప్పుడు ఉస్తాద్‌కు ఒకే మాట చెప్పండి: ‘తార్ మత్ కాట్‌నా భయ్యా, కప్లర్ లగానా’ (తీగ కోయొద్దు, కప్లరు పెట్టు). ఆ కప్లరుకు అయ్యే కొద్ది వందల దగ్గర బేరమాడకండి.

డోరు మూసేలోపు ఒక పెన్సిల్ సెల్ జేబులోంచి తీయండి. స్టీరియో వెనక కప్లర్ ఊడదీసి, ఆ చివర స్పీకరు వైర్లకు సెల్‌ను ఒక్క క్షణం తాకించండి. ప్లస్‌కు ప్లస్ తగిలితే కోను బయటికి ఉబకాలి. ఒక డోరులో బయటికి, ఇంకో డోరులో లోపలికి పోయిందంటే ఒకదాని వైర్లు తిరగబడ్డాయన్నమాట. అలాంటి కారులో బేస్ ఉండదు, గొంతు నడిమికి రాదు. పాపం, యజమాని ఆ లోటు తీర్చడానికి వూఫర్ కొంటాడు. నేను చూసిన చెడ్డ సిస్టముల్లో సగం ఈ పదిహేను రూపాయల సెల్‌తో బాగుపడేవే.

డబ్బు ఇంకా మిగిలితే చిన్న ఫోర్ చానల్ యాంప్లిఫయరు. దానికి బ్యాటరీ నుంచి వచ్చే తీగ అచ్చమైన రాగిదే కావాలి. కొసను బ్లేడుతో గీకి చూడండి: లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం, వెనక్కి ఇచ్చేయండి. ఫ్యూజు బ్యాటరీకి 45 సెంటీమీటర్లలోపే ఉండాలి. ఇది పాట కోసం కాదు, కారు తగలబడకుండా. డోరు స్పీకర్లకు 80 హెర్ట్జ్ దగ్గర హై పాస్ పెట్టించండి. మోయలేని లోతైన బేస్ బరువు దించితే అవి మిగతాది హాయిగా పాడతాయి.

స్టీరియో ఎప్పుడు మార్చాలి? యూఎస్‌బీ, బ్లూటూత్ రెండూ లేనప్పుడు. లేదా అది చచ్చిపోయినప్పుడు.

ఊడదీసిన కంపెనీ స్పీకర్లను దుకాణంలో వదిలి రాకండి. 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్జీటీ), 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల నుంచి ఈ ఊళ్లో డీజిలు బండికి పదేళ్లు, పెట్రోలు బండికి పదిహేనేళ్లు అన్న లెక్క వచ్చింది. ఆ మీద కోర్టుల్లో ఎన్ని మలుపులు తిరిగినా ఇక్కడ కారు కొన్నవాళ్ల మనసులో ఆ గడువు గంట మోగుతూనే ఉంటుంది. స్పీకర్లకు ఆ గడువు లేదు. బండి అమ్మే రోజున పాతవి బిగించి, కొత్తవి తర్వాతి కారుకు తీసుకుపోవచ్చు. పాత జతను తుడిచి పెట్టెలో పెట్టండి. స్క్రూలు ఒక కవర్లో వేసి, ఏది ఎడమ డోరుదో ఏది కుడి డోరుదో మార్కరుతో రాసి అటక మీద పెట్టండి.