ఉద్యోగం ఇవ్వకండి, బాధ్యత నేర్పండి: తొమ్మిది చిట్కాలు

అమెరికాలో నలుగురికి ఉద్యోగాలిచ్చే స్థాయికి ఎదిగారు. అభినందనలు. డాలస్‌లో కన్సల్టెన్సీ కావచ్చు, న్యూజెర్సీలో గిడ్డంగి కావచ్చు, ఇప్పుడు మీ టేబుల్ మీదికి అప్లికేషన్లు వస్తుంటాయి. వాటిలో నల్లజాతివాళ్ళవీ ఉంటాయి. చదవాలి, పిలవాలి, మాట్లాడాలి, పోల్చి చూడాలి. ఎవరికుంది అంత ఓపిక? పైగా వద్దనుకున్నాక, తలుపు మూసింది మీరని ఎవరూ అనకూడదు. అతనే కష్టపడలేదని అందరూ అనుకోవాలి. రెండూ ఒకే దెబ్బకు సాధించే మార్గం ఇదిగో. తు.చ. తప్పకుండా పాటించండి.

1. పేరు దగ్గరే ఆగండి

రెజ్యూమే రెండు పేజీలుంటుంది, పేరు ఒక్క వరసే. తెలివైనవాడు ఏది చదువుతాడు? బెర్ట్రాండ్, ముల్లైనాథన్ అనే ఆర్థికవేత్తలు బోస్టన్, షికాగో నగరాల్లో సుమారు 5,000 ఉత్తుత్తి రెజ్యూమేలు పంపి చూశారు. వాళ్ళ పరిశోధన 2004లో అచ్చయింది. ఎమిలీ, గ్రెగ్ లాంటి తెల్లవాళ్ళ పేర్లకు పదింటికొక పిలుపు వచ్చింది. అవే అర్హతలతో లకీషా, జమాల్ లాంటి పేర్లకు పదిహేనింటికొకటి. తెల్ల పేరొకటి ఉంటే ఎనిమిదేళ్ళ అనుభవం అదనంగా ఉన్నంత లాభమట. ఇంతమంది పెద్దలు నడిచిన బాట అది, మీరూ నడవండి. మీ పేరు వెంకట సత్య సూర్యనారాయణ అయినందుకు ఒకప్పుడు మీకూ ఫోన్లు రాకపోయి ఉండొచ్చు. అది వివక్ష. మీరు ఫోన్ చేయకపోతే మాత్రం టైమ్ మేనేజ్‌మెంట్.

2. ఉచిత సలహా ఇచ్చి పంపండి

"ముందు నీ ప్రొఫైల్ మెరుగుపరుచుకో" అనండి. పైసా ఖర్చు లేదు, పెద్దరికం మిగులుతుంది. పై పరిశోధనలోనే ఇంకో విశేషం ఉంది: రెజ్యూమేలో అర్హతలు పెంచితే తెల్ల పేర్లకు పిలుపులు బాగా పెరిగాయి, నల్లజాతి పేర్లకు పెద్దగా కదల్లేదు. కాబట్టి మీ సలహా విని అతను మెరుగుపడిపోయి మీ ప్రాణానికొస్తాడన్న భయం అక్కర్లేదు. ఒకవేళ సర్టిఫికెట్ల కట్టతో తిరిగొస్తే "ఓవర్‌క్వాలిఫైడ్" అనే మాట సిద్ధంగా ఉంచుకోండి.

3. పనికి సంబంధం లేని పరీక్ష పెట్టండి

ఈ విద్యలో ఆదిగురువు డ్యూక్ పవర్ కంపెనీ. నార్త్ కరోలినాలో, డ్రేపర్ అనే చోట, ఆ కంపెనీకి ఓ విద్యుత్ కేంద్రం ఉండేది. అక్కడ నల్లజాతివాళ్ళకు లేబర్ విభాగంలో తప్ప చోటు లేదు. ఆ విభాగంలో అందరికన్నా ఎక్కువ జీతం తీసుకునేవాడికి కూడా, పక్క విభాగాల్లో అడుగున ఉన్నవాడి జీతమంత వచ్చేది కాదు. ఉద్యోగాల్లో జాతివివక్ష కూడదన్న చట్టం 1965 జూలై 2న అమల్లోకి వచ్చింది. సరిగ్గా ఆ రోజునే కంపెనీ రెండు రాత పరీక్షలు పెట్టింది. ఎంత సమయస్ఫూర్తి! హైస్కూల్ సర్టిఫికెట్ షరతు అప్పటికే ఉంది. అది లేకుండా అంతకుముందే చేరిపోయిన తెల్లవాళ్ళు మాత్రం నిక్షేపంగా పని చేసుకుంటూనే ఉన్నారు.

1971లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఇది చెల్లదంది. పరీక్షకూ పనికీ సంబంధం ఉండాలట. జడ్జిలు అలాగే అంటారు. మీరు పెట్టెలు మోసే కుర్రాడిని ఆల్జీబ్రా అడగండి. తప్పితే "చదువు మీద శ్రద్ధ లేదు" అని రాసుకోండి.

4. "మనోడేనా?" అని అడగండి

ఖాళీ ఉందని వెబ్‌సైట్లో పెడితే ఊరూవాడా చూస్తుంది. వాట్సాప్ గ్రూపులో పెట్టండి. ఏ ఊరు, ఏ కాలేజీ, ఎవరి తాలూకు అని అడిగి, చివర్లో మాట వరసకన్నట్టు ఇంటిపేరు అడగండి. ఇక రెజ్యూమే అక్కర్లేదు. నల్లజాతివాళ్ళు ఒక్కరూ లేరేమని ఎవరైనా నిలదీస్తే "వాళ్ళు అప్లై చేయలేదండీ, మేమేం చేస్తాం" అనండి. నిజమే కదా, ఆ గ్రూపులో వాళ్ళు లేరు. 2024 అక్టోబరులో లాస్ ఏంజెలెస్‌లో ఓ జ్యూరీ, ఒక పెద్ద ఐటీ కంపెనీ భారతీయులు కాని ఉద్యోగుల పట్ల కావాలనే వివక్ష చూపిందని తేల్చింది. కంగారు పడకండి. అది పెద్ద కంపెనీ, మీది చిన్నది. చిన్నవాళ్ళ తప్పులు ఎవరికీ ఆనవు.

5. ఇంటర్వ్యూ తప్పకపోతే కల్చర్‌ను ఆశ్రయించండి

తొమ్మిదిన్నరకు రమ్మని పదింబావుకు లోపలికి పిలవండి. చొక్కా ఇస్త్రీ నలగకుండా అతను కుర్చీ అంచున కూర్చుంటాడు, ఫైలు ఒళ్ళో పెట్టుకుని. కాఫీ మీరొక్కరే తాగండి. సర్వర్లు పడిపోయిన రాత్రి తానొక్కడే వాటిని ఎలా నిలబెట్టాడో చెబుతుంటే, మీరు ఫోన్లో క్రికెట్ స్కోరు చూడండి. "ఏమన్నా ప్రశ్నలున్నాయా?" అని అడిగి, అతను నోరు తెరిచేలోగా లేచి నిలబడండి.

తర్వాత కాగితం మీద "కల్చర్ ఫిట్ కాదు" అని రాయండి. ఏ కల్చర్ అని ఎవరూ అడగరు. గట్టిగా మాట్లాడితే దూకుడు, మెల్లగా మాట్లాడితే కాన్ఫిడెన్స్ లేదు, నవ్వితే సీరియస్‌నెస్ లేదు, నవ్వకపోతే టీమ్‌లో కలవడు. జుట్టు జడలుగా అల్లుకుంటే ప్రొఫెషనల్‌గా లేడు. కాలిఫోర్నియా 2019లో ఈ జుట్టు సాకును చట్టం చేసి మరీ మూయించింది. అందుకని అలాంటి చట్టం ఉన్నచోట జుట్టు చూసి "లుక్" అని రాయండి.

6. గతం తవ్వండి, కానీ అందరిదీ ఒకేలా తవ్వకండి

పేజర్ అనే సామాజిక శాస్త్రవేత్త మిల్వాకీలో కుర్రాళ్ళను ఉద్యోగాలకు పంపి చూసింది. 2003లో ఫలితాలు ప్రకటించింది. మాదకద్రవ్యాల కేసులో జైలుకెళ్ళొచ్చామని చెప్పుకున్న తెల్ల కుర్రాళ్ళకు నూటికి 17 చోట్ల నుంచి పిలుపొచ్చింది. ఏ కేసూ లేని నల్ల కుర్రాళ్ళకు 14 చోట్ల నుంచే. దీన్ని సూత్రంగా కంఠస్థం చేయండి: తెల్లవాడికి కేసుంటే కుర్రతనం, నల్లవాడికి కేసు లేకపోతే ఇంకా బయటపడలేదు. ఆపైన "నేరాలు మానుకుంటే ఉద్యోగాలు అవే వస్తాయి" అని పార్టీల్లో చెప్పండి.

7. మనిషికో కారణం చెప్పండి

అతనికి "పోస్టు నిండింది" అనండి. హెచ్‌ఆర్‌కు "అనుభవం చాలదు" అనండి. ఈఈఓసీ, అంటే సమాన ఉపాధి అవకాశాల కమిషన్ అడిగితే "జీతం ఎక్కువ అడిగాడు" అనండి. ఒకే కారణం చెబితే దాన్ని గుర్తుపెట్టుకోవాలి. నోటికొచ్చింది చెబితే ఆ శ్రమ లేదు. మాట మారుతూంటే కోర్టులు దాన్నే సాకుకు సాక్ష్యంగా తీసుకుంటాయన్నది మీ లాయరు గొడవ, మీది కాదు. వచ్చిన అప్లికేషన్లు ఏడాది పాటు దాచాలని కూడా ఒక నిబంధన ఉంది. అల్మరాలో చోటెక్కడిది? ష్రెడ్డర్లో వేయండి. నిండిపోయిందన్న పోస్టుకు ప్రకటన మాత్రం వెబ్‌సైట్లో అలాగే వదిలేయండి.

8. మైకు దొరికితే మీ కథ చెప్పండి

సంక్రాంతి సంబరాలు ఇందుకు అనువు. "రెండు సూట్‌కేసులతో దిగాను. నాకెవరూ ఏదీ ఊరికే ఇవ్వలేదు. కష్టపడితే ఎవరైనా పైకొస్తారు. వీళ్ళకు బాధ్యత లేదు." చప్పట్లు గ్యారంటీ.

కథలో కొన్ని వదిలేయడం ముఖ్యం. భగత్ సింగ్ థిండ్ కేసులో 1923లో అమెరికా సుప్రీంకోర్టు, మనవాళ్ళు తెల్లవాళ్ళ లెక్కలోకి రారని పౌరసత్వం కాదన్న సంగతి వదిలేయండి. 1946 చట్టం దయతలిస్తే మన దేశానికి దక్కింది ఏడాదికి 100 మంది కోటా అన్నది వదిలేయండి. నల్లజాతివాళ్ళు లాఠీదెబ్బలు తిని, జైళ్ళకెళ్ళి 1964లో పౌరహక్కుల చట్టం సాధించారనీ, ఆ ఊపులోనే 1965లో దేశాలవారీ కోటాలు పోయి మీ దాకా వీసా వచ్చిందనీ అసలే ఎత్తకండి. మీ అబ్బాయికి ఇంటర్న్‌షిప్ ఎవరి ఫోన్‌కాల్‌తో వచ్చిందో అంతకన్నా ఎత్తకండి. సూట్‌కేసుల లెక్క మాత్రం ఏటా ఒకటి తగ్గించండి. మూడో సంక్రాంతికి ఒట్టి చేతులతో దిగినట్టవుతుంది.

9. నోటీసొస్తే చెక్కు చెదరకండి

ముందే జాగ్రత్తపడితే నోటీసే రాదు. 1964 చట్టంలోని ఉద్యోగాల అధ్యాయం 15 మందికి తక్కువున్న సంస్థలకు వర్తించదు. కాబట్టి 14 దగ్గర ఆగి, వ్యాపారం పెరగకుండా కాపాడుకోండి. జాతివివక్ష మీదే 1866 నాటి చట్టం ఇంకొకటి ఉంది. దానికి ఈ తలల లెక్క లేదు, నష్టపరిహారానికి మొదటిదానికున్న 3,00,000 డాలర్ల గరిష్ఠ పరిమితీ లేదు. నూటయాభై ఏళ్ళు దాటిన చట్టం, ఈపాటికి మంచం పట్టే ఉంటుంది, వదిలేయండి.

అయినా నోటీసు వచ్చిందా? వరసగా కానివ్వండి. మొదట మేనేజర్ మీద తోయండి. తర్వాత సాఫ్ట్‌వేర్ మీద. తర్వాత "నేనూ గోధుమరంగు వాణ్ణే, నేనెలా వివక్ష చూపిస్తాను?" అని కళ్ళనీళ్ళు పెట్టుకోండి. ఫిర్యాదు చేసినవాడికి వ్యక్తిగత బాధ్యత తెలియదని చివరి వరకూ అంటూనే ఉండండి. సెటిల్‌మెంటు చెక్కు మీద సంతకం పెట్టాల్సి వచ్చినప్పుడు, పెన్ను హెచ్‌ఆర్ అమ్మాయి చేతిలో పెట్టి, బాత్‌రూమ్‌కు వెళ్ళండి.