పన్నుకు పొన్ను

నేను ఆరేళ్ల పన్నును. చేవెళ్ల దగ్గర ఆలూరులో కూరగాయలు పండించే ఒక ఇంటామె కింది దవడలో, ఎడమ పక్కన నా చోటు. ఏ పాలపన్నూ ఊడకుండానే, వాటి వెనకాల చడీచప్పుడు లేకుండా మొలిచాను. అందుకే నన్నూ పాలపన్నే అనుకున్నారు. ఎట్లాగూ ఊడిపోయేదే కదా అని ఎవరూ పట్టించుకోలేదు. మావంటి వాళ్లం చిన్నతనంలోనే పుచ్చిపోవడానికి ఇదొక కారణం.

అయినా ముప్పై అయిదేళ్లు జొన్నరొట్టె నమిలాను. బీజాపూర్ రోడ్డు మీద కూరగాయల కుప్పల ముందు కూర్చొని ఆమె నోట్లో వేసుకున్న మక్క పేలాలు, పల్లీలు అన్నీ పిండి చేశాను. చివరికి పుప్పి నరం దాకా పోయింది. ఒక క్లినిక్‌లో నరం తీసి, చుట్టూ అరగదీసి తెల్ల క్యాప్ తొడిగారు. ఏడాది తిరక్కముందే అది పల్లిపట్టీకి అంటుకొని ఊడొచ్చింది. అతికించారు. మళ్లీ ఊడింది. ఆమె సిమెంటును తిట్టుకుంది. పాపం, సిమెంటు ఏం చేస్తుంది? నన్ను వడ్ల కుప్పలాగా పొట్టిగా, పైకి సన్నగా చెక్కారు.

వాళ్లింట్లో ఓ రోకలి ఉంది, కొసకు ఇనుప పొన్ను. వడ్రంగి కర్రను నిటారుగా, రవ్వంత వాలుతో చెక్కాడు కనుక ఎన్నేళ్లు దంచినా అది జారలేదు. అదే కొసను బొంగరంలా చెక్కి ఉంటే నాలుగు పోట్లకే ఊడి పడేది. పన్నుకు క్యాప్ అన్నా అంతే.

మూడోసారి ఊడినప్పుడు క్యాప్‌ను కొంగున ముడేసుకొని బస్సెక్కింది. అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్యశాలకు చేరాం.

"మేడం, ఈసారన్నా గట్టి సిమెంటు పెట్టుండ్రి."

"సిమెంటుతోని కాదమ్మా, పన్ను చెక్కిన తీరుతోని నిలుస్తది" అంది డాక్టరమ్మ. పక్కనున్న విద్యార్థులకు నన్ను చూపించింది. ఎదురెదురు గోడల వాలు 5 డిగ్రీల నుంచి 10కి పెరిగితే పట్టు సగానికి పడిపోతుందని యోర్గెన్సెన్ అనే పరిశోధకుడు 1955లోనే చూపించాడట. పుస్తకాలు 6 డిగ్రీలంటాయి. చెయ్యి తిరగడానికి చోటు చాలని దవడ పళ్లకు 10 నుంచి 20 లోపు వచ్చినా మేలే. నాది అంతకు రెండింతలు.

పోయిన పన్ను మళ్లీ పెరగదు. అందుకే మిగిలినదాన్ని ఎంతో పొదుపుగా వాడుకుంది. ముందు నా మీద పూడిక కట్టి ఎత్తు 4 మిల్లీమీటర్లు దాటించింది. ఆ పూడిక కింద గట్టి పన్నును చుట్టూ 2 మిల్లీమీటర్లు క్యాప్ పట్టుకునేలా అంచు దించింది. అదే నా పొన్ను. తెల్ల క్యాప్‌కైతే పైన 2 మిల్లీమీటర్ల దాకా తీయాలి. లోహానికి ఒకటి, ఒకటిన్నర చాలు. "కనబడని పన్నుకు అందమెందుకు మేడం, లోహందే వెయ్యుండ్రి" అని మా ఆమె తేల్చేసింది.

నిమిషానికి 3 లక్షల చుట్లు తిరిగే వజ్రపు పొడి ములుకు, నీళ్లు చిమ్ముతూ నా మీద వాలింది. నరం లేదు కనుక నొప్పి తెలియలేదు. వేరు చుట్టూ ఉన్న నార మాత్రం అదురును కనిపెట్టింది. ఆ ములుకులోనే కొద్దిపాటి వాలు ఉంటుంది. చెయ్యి నిలకడగా పట్టుకుంటే ఆ వాలే నా గోడకు వస్తుంది, చెయ్యి వాలితే గోడా వాలుతుంది. డాక్టరమ్మ చెయ్యి వాలలేదు. ముందొకటి, వెనకొకటి నిలువు గాళ్లు తీసింది, క్యాప్ పక్కకు తిరగకుండా. పదునుగా ఉన్న అంచులను నునుపు చేసింది. తర్వాత అద్దం పెట్టి, ఒక కన్ను మూసి పైనుంచి చూసింది. నాలుగు గోడలూ ఒక్క కంటికి ఒకేసారి కనబడాలి. రెండు కళ్లతో చూస్తే లోపలికి తిరిగిన గోడ కూడా సరిగ్గానే ఉన్నట్టు కనబడుతుంది. ఎన్నిసార్లు అలా చూసిందో!

అచ్చు తీసుకున్నారు. రెండు వారాలకు లోహపు క్యాప్ వచ్చింది. సిమెంటు లేకుండానే నా మీద దించి, వేలితో అటూ ఇటూ ఊపింది. కదల్లేదు. అప్పుడు కలపమంది సిమెంటు.

మర్నాడు పొద్దున ఆలూరులో ఆమె జొన్నరొట్టె తుంచి, ఎన్నాళ్లకో ఎడమ దవడకు తోసింది.