రావణుని 24 విమానములు

2019లో జలంధరమున జరిగిన 106వ భారత సైన్స్ కాంగ్రెసులో మన ఆంధ్ర విశ్వవిద్యాలయపు అప్పటి ఉపకులపతిగారు పలికిన పలుకులను పత్రికలలో చదివినది మొదలు నాకొక సందేహము పట్టుకొని వదలుట లేదు. కౌరవులు టెస్ట్ ట్యూబు బిడ్డలట. విష్ణుచక్రము పోయి కొట్టి మరలివచ్చెడి గైడెడ్ మిసైలట. దశావతారముల ముందు డార్విను దిగదుడుపట. ఇవన్నియు విని విని చెవులకు అలవాటు పడినవే కనుక సహింపవచ్చును. కాని రావణునికి పుష్పకము చాలక 24 రకముల విమానములును, అవి దిగుటకు లంకలో విమానాశ్రయములును ఉండెననుమాట మాత్రము నన్ను నిదురపోనీయకున్నది.

భక్తితో కాకున్నను ప్రేమతో వాల్మీకిని చదువుకొన్నవాడను గనుక నా బాధ కొంత చెప్పుకొందును. ఉన్న ఆ ఒక్క పుష్పకమైనను రావణుడు చేయించినది కాదు. విశ్వకర్మ బ్రహ్మకొరకు నిర్మింపగా, బ్రహ్మవలన కుబేరునకు సంక్రమించిన దానిని, అన్నగారిని యుద్ధమున ఓడించి ఈయన లాగుకొనెను. కవి లెక్క ప్రకారము లంకేశ్వరుడు విమాననిర్మాత కాడు, విమానాపహర్త. పోనిండు. సీతాపహరణమువంటి ముఖ్యకార్యమునకు ఆయన ఏ వాహనమెక్కి వచ్చెను? గాడిదలు పూన్చిన రథము. అది మాయారథమే, ఆకాశమున పోగలదే, ఐనను గాడిదలు గాడిదలే కదా. జటాయువు ఆ గాడిదలను చంపి రథమును విరుగగొట్టగా, సీతను పట్టుకొని తానే స్వయముగా ఎగిరిపోవలసి వచ్చెను. 24 రకములు గలవాడు ఆనాడొక్కదానిని తేజాలకపోయెనా? అన్నియు ఒక్కసారే మరమ్మతునకు పోయియుండెనా?

హనుమంతుడు రాత్రివేళ లంకయంతయు గాలించి, పానశాలలు చూచి, అంతఃపురములు చూచి, పుష్పకమును కన్నులార చూచి, ఒక్క విమానాశ్రయమునైనను చూడక తిరిగివచ్చుట ఎంతటి విచిత్రము! పురమును దగ్ధము చేసిననాడును ఒక్క విమానపుశాల అంటుకొన్న జాడ లేదు. నలుడు నూరుయోజనముల సేతువును అయిదు దినములు కట్టుచుండగా, పైనుండి ఒక్క రాయి విసరుటకైనను ఒక్క విమానము రాలేదు. రాముడు అయోధ్యకు పోయినది పుష్పకము మీదనే. పోయి దానిని కుబేరునికే పంపివేసెను. తక్కిన 23 రకములను విభీషణుడు ఏమి చేసెనో, తుక్కుక్రింద అమ్మివేసెనో, ఉపకులపతిగారే సెలవీయవలెను.

ఈ విమానముల కథ కొత్తది కాదు. 2015లో ముంబయి సైన్స్ కాంగ్రెసులో గ్రహాంతరయానము చేసిన ప్రాచీన విమానములను గూర్చి ఒకరు ప్రసంగించిరి. ఆ వాదమునకు మూలమైన వైమానికశాస్త్రము ఇరువదవ శతాబ్దపు రచనయనియు, అందలి యంత్రములు ఎగురజాలవనియు బెంగుళూరు భారత విజ్ఞాన సంస్థవారు 1974లోనే తేల్చియుండిరి. ఎవరికి పట్టినది?

నవ్వుట ఇక చాలును. జలంధరమున ఈ మాటలు పలికినది పిల్లల సైన్స్ కాంగ్రెసులో. విన్నవారు ప్రశ్నించుట నేర్చుకొనుటకు వచ్చిన బాలబాలికలు. చెప్పినవారు పీఠాధిపతులు కారు, పురాణశ్రవణము చేయించు పౌరాణికులు కారు. రసాయనశాస్త్రాచార్యులు, సి.వి. రామనుగారి శిష్యుడైన సూరి భగవంతముగారు భౌతికశాస్త్రము బోధించిన విశ్వవిద్యాలయమునకు అప్పటి అధిపతులు. గాంధారి కడుపున పుట్టిన మాంసపిండమును వ్యాసుడు నూటొక్క ముక్కలుగా చేయించి నేతికుండలలో ఉంచుట మహాకవి కల్పన; ఆ కల్పన మనకు చాలును, గొప్పది కూడను. దానికి ప్రయోగశాల చీటీ అంటించి మహాభారతమును పొగడుచున్నామనుకొనువారు దానిని చదివినవారు కారు.

నిజముగా టెస్ట్ ట్యూబు బిడ్డకు రూపమిచ్చిన భారతీయుడు ఒకడుండెను. కలకత్తాకు చెందిన డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయ. లోకమున తొలి టెస్ట్ ట్యూబు శిశువు 1978 జూలై 25న ఇంగ్లండులో పుట్టగా, ఆయన కృషివలన అదే సంవత్సరము అక్టోబరు 3న కలకత్తాలో ఒక ఆడుబిడ్డ జన్మించెను. దేశమాయనను నెత్తిన పెట్టుకొన్నదా? ప్రభుత్వము ఒక సంఘమును వేసెను. దాని అధ్యక్షుడు రేడియో భౌతికశాస్త్రజ్ఞుడు. ఆ సంఘము ఆయన మాట నమ్మలేదు. తన పనిని గూర్చి చెప్పుకొనుటకు జపాను పోవుటకు ఆయనకు అనుమతి దొరకలేదు. తుదకు ఆయనను కంటివైద్య సంస్థకు బదిలీ చేసిరి. 1981 జూన్ 19న ఆయన ఆత్మహత్య చేసికొనెను. తొలి కీర్తి తనది కాదు, ముఖోపాధ్యాయదేయని 1997లో లోకమునకు చాటినవాడు, అంతవరకు దేశమున ఆ కీర్తిని పొందియుండిన డాక్టరు టి.సి. ఆనంద్ కుమార్.

కళ్ళయెదుట బిడ్డను చూపినవానిని నమ్మనిది ఈ దేశమే. నేతికుండలను సాక్ష్యముగా చూపినవారికి వేదిక నిచ్చునదియు ఈ దేశమే. నాకు కోపము వచ్చుట ఇందుకు. పూర్వుల గొప్పతనమును అప్పనముగా అనుభవింపగోరువారికి, పక్కనున్న మనుష్యుని శ్రమను గుర్తించు ఓపిక ఉండదు.

ఆ ఉదంతము తరువాత, వక్తలు తమ ప్రసంగ సారాంశమును ముందే పంపవలెనని సైన్స్ కాంగ్రెసువారు నిర్ణయించిరట. మంచిదే, కాని అది చాలదు. జలంధరమున విన్న ఆ పిల్లలకు ఉపకులపతిగారు స్వహస్తముతో ఒక జాబు వ్రాయవలెను: 24 విమానములు వాల్మీకిలో ఏ కాండమున, ఏ సర్గమున, ఏ శ్లోకమున ఉన్నవో చూపవలెను, చూపలేనిచో, అవి లేవని ఒప్పుకొనవలెను.