నా ఒంటిమీది ఊరిపేరు

నా ఒంటిమీద రెండు మాటలు అచ్చుపడి ఉన్నాయి. పైన ‘కాస్ట్ స్టీల్’, కింద ‘షెఫీల్డ్’. అక్షరాలు సగం అరిగిపోయినా వేలితో తడిమితే ఇప్పటికీ తెలుస్తాయి. నేను ఉలిని. తిరుపతికీ శ్రీకాళహస్తికీ నడుమ, ఏర్పేడు మండలం మాధవమాలలో, కొయ్యబొమ్మలు చెక్కే ఒక ఆచారి ఇంటి వసారాలో నా కాపురం. పెట్టెలో నాతోపాటు మరికొన్ని ఉలులు, బాడిశ, చిత్రిక, ఆకురాయి ఉన్నాయి. బయటివాళ్లు ఎవరొచ్చినా ముందు నన్నే చేతికి తీసుకుంటారు. తిప్పి ఆ ఊరిపేరు చదువుతారు.

ఆ పేరు ఊరికే రాలేదు. షెఫీల్డ్ ఇంగ్లండులో చిన్న చిన్న ఏళ్ల ఒడ్డున పెరిగిన ఊరు. ఆ నీళ్ల ఒరవడికే సానచక్రాలు తిరిగేవి. 1740 ప్రాంతంలో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు మట్టిమూసల్లో ఉక్కు కరిగించే పద్ధతి పట్టుకున్నాడు. నా మీది ‘కాస్ట్ స్టీల్’ అంటే ఆ ఉక్కే. తెల్లగా కాగిన మూసను కొలిమిలోంచి పైకి లాగే మనిషి, ఒళ్లు కాలకుండా తడిపిన గోనెపట్టాలు చుట్టుకునేవాడు. సాన పట్టేవాళ్లు రాతిధూళి పీల్చి పీల్చి, ఊపిరితిత్తులు చెడి, చిన్న వయసులోనే పోయేవాళ్లు. నా పదును వెనక ఆ మనుషులున్నారు. నా మీద ఉన్నది వాళ్ల పేరు కాదు, వాళ్ల ఊరి పేరు. అయినా వాళ్ల కష్టం ఆ ఊరికే జమపడింది.

నన్ను ఇంగ్లండు సరుకని మురిసిపోయేవాళ్లకు ఇంకో సంగతి చెప్పాలి. షెఫీల్డులో మేలురకం ఉక్కుకు వాడిన ఇనుము స్వీడన్ నుంచి ఓడల్లో వచ్చేది. మూసలో ఉక్కు వండే విద్య మాత్రం హంట్స్‌మన్ పుట్టడానికి వందల ఏళ్ల ముందే తెలుగు నేలమీద ఉంది. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో వండిన ఉక్కుముద్దల కోసం పర్షియా వర్తకులు అంత దూరం వచ్చేవాళ్లు. 1795లో జార్జి పియర్సన్ లండన్ రాయల్ సొసైటీ ముందు ఈ దేశపు ఉక్కు మీద పత్రం పెట్టాడు. తర్వాత మైకేల్ ఫారడే అంతటివాడు దాని గుట్టు విప్పాలని ప్రయోగాలు చేశాడు. ఇంతా చేస్తే, ఇక్కడి ఉక్కుతో సాగిన కత్తులకు లోకంలో నిలిచిన పేరు డమాస్కస్. కోనసముద్రాన్ని ఎంతమంది ఎరుగుదురు?

ఊరిపేరుకు విలువ పెరిగితే దొంగతనమూ మొదలవుతుంది. జర్మనీలోని సోలింగెన్ నుంచి వచ్చే నాసిరకం కత్తుల మీద షెఫీల్డ్ ముద్రలు కనబడేసరికి షెఫీల్డువాళ్లు గగ్గోలు పెట్టారు. 1887లో బ్రిటిష్ పార్లమెంటు సరుకు గుర్తుల చట్టం చేసింది. పరాయి సరుకు మీద పుట్టిన దేశం పేరు ఉండాలంది. జర్మన్లు ఆ ముద్రను అవమానంగా తీసుకుని ఊరుకోలేదు, పని బాగుచేసుకున్నారు. కొన్నేళ్లకే ‘మేడ్ ఇన్ జర్మనీ’ అంటే జనం వెతుక్కుని కొనే రోజు వచ్చింది. అంటే ముద్ర విలువ చట్టంలో లేదు, కొలిమి దగ్గర ఉంది. ఈ రోజుల్లో పాతపేర్లు దేశాలు మారుతున్నాయి. పనిముట్లు చేసే స్టాన్లీ వాళ్లు తమ పాత ‘స్వీట్‌హార్ట్’ పేరుతో మళ్లీ తెచ్చిన చిత్రికలు మెక్సికోలో తయారయ్యాయి. నాసిక్‌లో స్వీడన్ వాళ్ల సాంకేతిక సహకారంతో మొదలైన తపారియా పనిముట్లు మన దేశంలో ఏ మెకానిక్ షెడ్డులో చూసినా ఉంటాయి. కొనేవాడు దేశం పేరుతోపాటు ఉక్కునూ చూడాలి.

మా పెద్దాచారి నన్ను మద్రాసు మూర్ మార్కెట్టులో కొన్నాడు. అది 1985లో కాలిపోకముందు మాట. పాత ఇనుము కుప్పలో తుప్పుపట్టి ఉన్న నన్ను గోటితో మీటి, మోత విని, మారుమాట లేకుండా డబ్బిచ్చాడు. ఇంటికి తెచ్చి నూనెరాయి మీద పట్టాడు. వీపు అద్దంలా చదునయ్యేదాకా వదల్లేదు. అప్పట్లో ఎర్రచందనం బొమ్మలు చెక్కేవాళ్లు. దసరా కొలువులో పెట్టే రాజారాణి బొమ్మలవి. శేషాచలం కొండల్లో పుట్టిన ఆ కొయ్య నీళ్లలో వేస్తే మునుగుతుంది, అంత బరువు, అంత గట్టి. ఇప్పుడు దాన్ని అనుమతి లేకుండా ముట్టుకునేదానికి లేదు. టేకూ వేపా ఎక్కువ.

నా పక్కనే ఇంకో ఉలి ఉంది. లారీ కమాను పట్టీని కాల్చి మా కమ్మరి సాగదీసింది. దాని మీద ఏ ఊరిపేరూ లేదు. నాలో కర్బనం దానికన్నా ఎక్కువ, అందుకే పదును ఎక్కువసేపు నిలుస్తుంది. అయితే దెబ్బకు నేను ఆగలేను, అంచు పెచ్చు లేస్తుంది. కొయ్యసుత్తితో మొద్దును మొదట విడగొట్టేది అదే. నేను చివర్లో దిగుతాను. స్వామివారి వరదహస్తం వేళ్ల మధ్య సందు తీయాలి, కొయ్య నార ఎదురు తిరుగుతుంది. ఆచారి నన్ను సుత్తి లేకుండా అరచేత్తోనే నెడతాడు. ఉల్లిపొరంత పలచటి పేడు లేస్తుంది, గోరు అంచు తేలుతుంది. ఆ కమ్మరి కూడా కాల్చిన ఉలిని నీళ్లలో ముంచి వదిలేయకుండా, మళ్లీ సన్నసెగ మీద పెట్టి లేత పసుపు రంగు తేలగానే తీస్తే, దాని పదునూ బాగానే నిలుస్తుంది. షెఫీల్డులో చేసిందీ అదే.

ఈమధ్య పట్నం నుంచి ఒకాయన వచ్చాడు. బొమ్మల కోసమే వచ్చాడు గానీ నన్ను చూసి ఆగిపోయాడు. “ఆచారిగారూ, ఇది ఒరిజినల్ షెఫీల్డ్! ఎంతయినా ఇస్తాను, చెప్పండి.”

“అది అమ్మేదానికి గాదు సామీ. బొమ్మలుండాయి, చూడండి.”

నాకు ఎంతయినా ఇస్తానన్న మనిషి, నేను చెక్కిన దశావతారాల పలక దగ్గర గీచిగీచి బేరమాడాడు. అది నాకు మింగుడుపడలేదు. నన్ను చేసినవాళ్ల ఊరు ఉక్కుమీద ఉంది. నాతో చేసిన బొమ్మమీద ఏ ఊరూ లేదు. తిరుపతి లడ్డుకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరుతో ఇంకొకరు అమ్మకూడదు. మాధవమాల నుంచి బయల్దేరిన బొమ్మ మాత్రం అంగడికి చేరేసరికి ఉత్త ‘చెక్కబొమ్మ’ అయిపోతుంది.

ఆచారి కొడుకు తిరుపతిలో టీటీడీ 1960లో పెట్టిన శిల్పకళా సంస్థలో చదువుకున్నాడు. ఆ రాత్రి తండ్రితో అన్నాడు: “పీఠం కింద మన ఊరిపేరు కొడదాం నాయనా.”

“కొట్టరా అబ్బయా. అయితే ముందు ఆ బొమ్మ బొటనవేలు సరిజెయ్. ఊరిపేరు పడినాక తప్పు కూడా ఊరిదే అయిపోతాది.”

కొండకు వచ్చి బొమ్మ కొనే అయ్యలారా, అమ్మలారా! అంగట్లో బొమ్మను ఒకసారి తిరగేసి, ఏ ఊళ్లో చెక్కారో అడగండి. మాధవమాల అంటే, ఆ ఊరిపేరుకూ ధర కట్టి ఇవ్వండి.