పద్దెనిమిది డిగ్రీల వీరుడు

ముప్పయ్యేళ్లు గోదావరి పక్కనే ఉద్యోగం చేశారాయన. గోదావరంటే ఏరు కాదు, 1990లో విశాఖ ఉక్కు కర్మాగారంలో వెలిగించిన మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ పేరు. దాదాపు 1,500 డిగ్రీల వేడితో ఇనుము కాలవ కట్టి పారుతుంటే ఆ పక్కనే తువ్వాలుతో మెడ తుడుచుకుని టీ తాగిన మనిషి. అలాంటాయనకి ఇప్పుడు తెల్లవారుజామున విశాఖలో పాదరసం 18 దగ్గర ఆగితే చాలు, కట్టుడు పళ్లు టకటకలాడతాయి.

గాజువాకలోనో సీతమ్మధారలోనో ఇలాంటివారు వీధికొకరు తగులుతారు. పిల్లలు పెట్టిన పేరు స్వెట్టర్ తాతగారు.

పొద్దున్నే బీచ్‌ రోడ్డు మీద చూడాలి. నెత్తిన మంకీ క్యాపు, ఒంటి మీద స్వెట్టరు, నడుముకి గళ్ల లుంగీ. స్కాట్లాండువాళ్ల కిల్టుకీ గళ్లే, కాకపోతే వాళ్లు ఉన్నిని నడుముకి చుడతారు, ఈయన ఛాతీకి తొడుగుతారు. అక్కడ సంప్రదాయ కిల్టుకి కొలతలు తీసి ఎనిమిది గజాల ఉన్ని కుడతారు. అంత పెట్టలేనివాళ్లు రెడీమేడ్ అక్రిలిక్‌తో సర్దుకుంటారు. తాతగారూ సర్దుకుంటారు, కానీ ఒప్పుకోరు.

టిబెటన్లు దుకాణాలు పెట్టిన మర్నాడే ఈయన హాజరు. 1959 తర్వాత మన దేశానికొచ్చిన ఆ కుటుంబాల్లో చాలామందికి చలికాలం ఊరూరా స్వెట్టర్లమ్మడమే జీవనాధారం. మనకి దగ్గర్లో ఒడిశా చంద్రగిరిలో వాళ్ల స్థావరం ఉంది. సరుకు ఎక్కువగా లూధియానాలో అప్పుకి తెచ్చి, సీజనయ్యాక బాకీ తీరుస్తారు. ఇదంతా తాతగారికి కంఠతా. అయినా అడుగుతారు: “హిమాలయాల గొర్రెదేనా అమ్మా?”

దుకాణంలో ఆవిడ నవ్వి, వెనకాల వేలాడే బోర్డు చూపించింది. “ఫిక్స్‌డ్ రేట్ అంకుల్.”

“ఏటమ్మా, ఈ ఊళ్లో చలే ఫిక్స్‌డు కాదు, రేటు ఫిక్స్‌డేటి?”

అరగంట బేరం తర్వాత తగ్గింది రేటు కాదు, ఆయన గొంతు. చేతులు రెండంగుళాలు పొడుగొచ్చినా తీసుకున్నారు. “వచ్చే ఏటికి సరిపోద్దిలే” అన్నారు, అరవై ఆరేళ్ల వయసులో.

ఇంట్లో ఇప్పటికే అయిదున్నాయి కదా అంటే, లంబసింగి వెళ్లాలి అంటారు. నిజమే, సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో, కొన్ని రాత్రులు సున్నా దగ్గరికి దిగే చోటది. స్వెట్టరుకి అంతకంటే మంచి సాకు దొరకదు. కాకపోతే 2022లో లంబసింగి విశాఖ జిల్లా దాటి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లిపోయింది గానీ, తాతగారింకా ఇల్లు దాటలేదు.

ఉన్నిని పరీక్షించడం ఆయనకి తెలుసు. ఒక పోగు లాగి కాలిస్తే వెంట్రుకలు కాలిన వాసనొచ్చి, నలిపితే బూడిదైపోవాలి. అక్రిలిక్ అయితే కరిగి, నల్లటి గట్టి పూసలా ముద్దకడుతుంది. దుకాణంలో అగ్గిపెట్టె తీస్తే ఆవిడ ఊరుకోలేదు. ఇంటికొచ్చి పెరట్లో, తులసికోట చాటున గీశారు. పోగు చటుక్కున ముడుచుకుని పూసైపోయింది.

వెనకనుంచి బామ్మగారు అడిగారు. “వాసనొచ్చిందేటండీ?”

“ఏటోనే, జలుబు చేసింది. ముక్కు పని చెయ్యట్లేదు.”